ఆ రెండు పరదాలు



ఈ పేజీల రాయక నెల దాటింది. పోస్టులు బందు పెట్టినవేందని ఫోన్లు చేసినోళ్లు ఉన్నరు. రాయబుద్ధి కాలేదు, అంతే. ఇయ్యాల రాసేది పురుగు మందుల గురించి కాదు, రేట్ల గురించి కాదు. మన వరి రైతుల వాట్సాప్ గ్రూపు గురించి, దాన్ని నడిపిన నా గురించి. కొంచెం పొడుగైతది, ఓపికతో చదవుండ్రి. ఎందుకంటే మీలో చానామంది ఏదో ఒక గ్రూపుకు అడ్మిన్లే. పాల సంఘం గ్రూపు, ట్రాన్స్‌ఫార్మర్ కింది రైతుల గ్రూపు, నాట్లు వేసే కూలీల గ్రూపు... ఇప్పుడు గ్రూపు లేని పని ఏమున్నది?

మా గ్రూపు 2017ల మొదలుపెట్టిన. అప్పుడు గ్రూపుకు 256 మందే హద్దు. 2022ల అది 1,024 అయింది. "మండలం మొత్తాన్ని చేర్చు, పెద్ద గ్రూపయితది" అని అన్నోళ్లు ఉన్నరు. నేను 180 దగ్గరనే ఆపిన. ఆరు ఊర్ల రైతులు, ప్రతి ఒక్కరి మొఖం నాకు ఎరుకే, పొలం ఏ కాలువ కింద ఉన్నదో ఎరుకే. ఫోటో పెట్టి "ఇదేం రోగం" అని అడిగితే, వరి ఏ రకం, నాటేసి ఎన్ని రోజులు, ఇప్పటిదాంక ఏం కొట్టినవు, ఈ మూడు చెప్పకపోతే జవాబు ఇయ్యొద్దని పెట్టిన. గుడ్ మార్నింగులు బందు. పార్టీల ముచ్చట బందు. కలుపు మందు తట్టుకుంటదని చెప్పి అమ్మే పత్తి గింజలకు సర్కారు అనుమతి లేదు, ఆ మెసేజ్ కనపడితే అప్పటికప్పుడే తీసేస్తా.

గింత గట్టిగ ఎందుకంటే, 2018 ఎండాకాలం మీకు యాది ఉండాలె. పిల్లలను ఎత్తుకపోయేటోళ్లు తిరుగుతున్నరని ఫోన్ల నిండ అదే. హైదరాబాద్ పాతబస్తీల ఉత్త పుకారుకు ఒక పాణం పోయింది. మా గ్రూపుల కూడ ఆ వీడియో వచ్చింది, పెట్టింది ఎవరో కాదు, మా సొంత మేనబావ. తీసేసిన. ఆరు నెలలు మాట్లాడలేదు నాతోటి. ఆ జులైలనే వాట్సాపోళ్లు మన దేశంల ఒక మెసేజ్‌ను ఒక్కసారికి ఐదు చోట్లకే పంపేటట్టు కట్టడి పెట్టిండ్రు. అప్పుడు నాకు లోపట ఒక గర్వం మొలిచింది, నేను ముందే మంచిగ చేసిన అని. ఆ గర్వమే ముందుకు వచ్చి కొట్టింది, చెప్తా.

పోయిన యాసంగికి ముందు ఒకరు గ్రూపుల అడిగిండ్రు, పరదాలు మన టౌన్ల 2,100 చెప్తున్నరు, అందరం కలిసి హైదరాబాద్ నుంచి తెచ్చుకుందమా అని. మంచి మాటే. 38 మంది రైతులు 60 పరదాలకు పేర్లు ఇచ్చిండ్రు. పైసలన్నీ నా ఫోన్‌పేకు వచ్చినయ్. నేనొక్కణ్నే బస్సెక్కిన.

ఇమ్లిబన్ల దిగి నడిచిన, అఫ్జల్‌గంజ్. మనసొంటోళ్లకు ఆ జాగ కొత్త కాదు. మా నాయిన మోట తాళ్లకు, గోనె సంచులకు అక్కడికే పోయెటోడు. ఇప్పటికీ అంతే, ఒక సందుల తాళ్లు, ఒక సందుల పరదాలు, ఇంకో దిక్కు బేగంబజార్, ఉస్మాన్‌గంజ్. తోపుడు బండ్లు, హమాలీల కేకలు, ఒక్క అడుగు పక్కకు వేస్తే ఆటో తగులుతది.

పరదా కొనేటప్పుడు ఒక సంగతి యాది పెట్టుకోండ్రి, ఈ పోస్టుల ఇది ఒక్కటి పనికొచ్చినా చాలు. 250 జీఎస్‌ఎం అంటే చదరపు మీటరుకు 250 గ్రాముల బరువు ఉండాలె. 24 అడుగులకు 18 అడుగుల పరదా దగ్గర దగ్గర 40 చదరపు మీటర్లు. అంటే పది కిలోలు తూగాలె. మొదటి దుకాణంల "ఇది 250" అని చూపించిండు, నా స్ప్రింగు కాంటాకు తగిలిస్తే ఏడున్నర కిలోలు. అంటే 190 కూడ లేదు. ముద్ర ఏమున్నదని కాదు, తూకం ఎంతున్నదని చూడాలె. ఐఎస్ 7903 అని రాసి ఉంటే మంచిదే, అయినా తూచుండ్రి.

మూడో దుకాణంల సరిగ్గ తూగింది. బేరం చేసి 1,650కి తెగ్గొట్టిన. అరవైకి 99,000. ట్రాలీ ఆటో కిరాయి 3,600, పరదాకు 60 పడ్డది. మొత్తం 1,710. టౌన్ల రేటు మీద పరదాకు 390 మిగులు. సంబురంగనే ఉన్న.

లోడు ఎక్కిచ్చేటప్పుడు సేటు ఇంకో రెండు పరదాలు బండిలకు విసిరిండు. "ఇవి మీకన్నా, చాయ్ పానీ అనుకోండ్రి" అన్నడు. నేను వద్దనలేదు. అన్నలారా, నిజం చెప్తున్న, అప్పుడు నాకు అది తప్పనిపించలేదు. ఒక రోజు పని పోయింది, పొద్దుటి నుంచి తిండి లేదు, అందరి బరువు నేనే మోస్తున్న, రెండు పరదాలు నాకు ఏం ఎక్కువ అనుకున్న. బిల్లు 60కే ఉన్నది గదా. ఆ బిల్లు ఫోటో గ్రూపుల పెట్టిన. అందరు దండాలు పెట్టిండ్రు, చప్పట్ల బొమ్మలు పెట్టిండ్రు.

బండి దించేటప్పుడు సాయం వచ్చిన వాళ్లల్ల మా పాలోళ్ల పిల్లగాడు ఒకడున్నడు. డిగ్రీ చదివి వ్యవసాయం చేస్తున్నడు. మా గ్రూపుల వాన కబుర్లు వానియే. వాతావరణ శాఖ రాడారు బొమ్మ చూసి "మల్లేపల్లి దిక్కు నుంచి మబ్బు వస్తున్నది, రెండు గంటల్ల మన మీదికి వస్తది" అని పెట్టేటోడు. నూటికి ఎనభై సార్లు సరిగ్గనే పడేది.

ఆ రాత్రి తొమ్మిదింటికి వాడు గ్రూపుల రాసిండు: "కాకా, బిల్లు 60కి ఉన్నది. బండి నుంచి 62 దించినం. ఆ రెండు ఎవరియో చెప్తే లెక్క సాఫ్ అయితది."

గంతే. తిట్టలేదు, వెక్కిరించలేదు. కాకా అనే అన్నడు. అయినా నాకు రక్తం సర్రున తలకెక్కింది. 180 మంది ముంగట నన్ను దొంగను చేసిండు అనిపించింది. నిజానికి వాడు దొంగ అనలేదు, నా మనసే అన్నది. తొమ్మిదీ ఇరవైకి వాణ్ని గ్రూపుల నుంచి తీసేసిన. వాని మెసేజ్ తుడిచేసిన. ఇంకెవరు మాట్లాడకుండ "అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పెట్టొచ్చు" అనే దాన్ని నొక్కి పెట్టిన. అడ్మిన్‌ను నేనొక్కణ్నే.

మీరు గ్రూపు నడిపితే ఈ సుఖం మీకు ఎరుకే. ఒక్క వేలు పెట్టి నొక్కితే మొత్తం సప్పుడు బందు. ఊర్ల పంచాయితీల గట్ల ఎవరి నోరు మూయించగలం? అక్కడ ఎదురుంగ కూసున్నోడు లేచి అడుగుతడు. ఫోన్ల ఆ బాధ లేదు.

పది రోజులు గట్లనే ఉంచిన. వడ్ల కేంద్రం ఎప్పుడు తెరుస్తరు, సంచులు వచ్చినయా లేదా, అన్ని నేనే పెడుతున్న. ఎవరన్న ఎదురు పడితే "గ్రూపు మంచిగ ప్రశాంతంగ ఉన్నది" అనేటోళ్లు. వాళ్లు నన్ను మెచ్చుకుంటున్నరనుకున్న.

ఏప్రిల్ చివర. ఏ గ్రేడు వడ్లకు క్వింటాలుకు 2,320 మద్దతు ధర ఉన్న సీజన్ అది. కోతలు అయిపోయి కేంద్రం కాడ కుప్పలు కుప్పలు. తేమ 17 శాతంకు దిగితేనే కాంటా పెడతరు, అందుకని అందరు ఆరబోసుకున్నరు. ఆ రాత్రి మా పడమటి ఊరి రైతుకు పదిన్నరకే వాన తగిలింది. గాలి, మెరుపులు. ఆయన గ్రూపుల పెడదామని చూసిండు. పెట్టరాదు గదా. నాకు రెండుసార్లు ఫోన్ చేసిండు. నా ఫోన్ లోపటి అర్రల చార్జింగుకు పెట్టి ఉన్నది, సప్పుడు బందు చేసి. ఆయనకు దొరికిన నలుగురికి ఫోన్ చేసిండు. ఆ నలుగురు లేచి ఉరికిండ్రు. మిగతావాళ్లు నిద్రల ఉన్నరు. మా ఊరికి వాన వచ్చింది పన్నెండు దాటినంక. గంటన్నర టైము ఉండె. గంటన్నరల మొత్తం కేంద్రం కప్పుకోవచ్చు. పరదాలు ఇంట్లనే ఉన్నయ్, కొత్తయి, మడత కూడ విప్పనియి.

మా ఊరి ఒక అక్క, బావ లేడు, ఇద్దరు ఆడపిల్లలు. మూడు పరదాలు మనతోనే తెప్పించుకున్నది. డెబ్భై బస్తాల వడ్లు. నేను పొద్దుగాల పోయేసరికి ఆమె కుప్ప కింద నీళ్లు పారుతున్నయ్, ఆమె చేట పట్టుకొని అడుగు వడ్లు ఎత్తి పోస్తున్నది. నన్ను చూసి "రాత్రి ఎవరు చెప్పలేదు తమ్మీ" అన్నది. గంతే అన్నది. ఆమెకు తెల్వదు, ఎందుకు చెప్పలేదో.

నా కుప్ప ఆమె కుప్పకు మూడు కుప్పల అవతల. అది తడవలేదు. పొద్దుగూకంగనే కప్పి వచ్చిన. ఏ పరదాలతోటో మీకు చెప్పనవసరం లేదు.

ఆ అక్క వడ్లకు నాలుగో రోజుకు మొలకలొచ్చినయ్. ఆరు రోజులు ఎక్కువ ఆరబోసింది. రంగు మారిందని బస్తాకు తరుగు ఎక్కువ తీసిండ్రు. ఎంత తీసిండ్రు, ఎవరు తీసిండ్రు అనేది ఇప్పుడు ఈడ రాయను. నా తప్పు చెప్పుకునే కాడ ఇంకొకరి మీదకు తోసుడు బాగుండదు.

గ్రూపు అదే పొద్దున తెరిచిన. ఒక్కరు కూడ ఏం రాయలేదు. అందరికీ తెలుసు. తిట్టినా బాగుండు అనిపించింది.

నాలో నేను చాన సమర్థించుకున్న. అడ్మిన్ల మీద కేసులైతయి, గందుకే బందు పెట్టిన అని ఇంట్ల చెప్పిన. అది అబద్ధం. మీకు కూడ ఎవరన్న గట్ల చెప్తే నమ్మకుండ్రి. 2021ల బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి, 2022ల కేరళ హైకోర్టు సాఫ్‌గ చెప్పినయ్: గ్రూపుల వేరేటోళ్లు పెట్టిన మెసేజ్‌కు, అందుల తన చెయ్యి లేకపోతే, అడ్మిన్‌ను నేరస్తుణ్ని చెయ్యరాదని. అడ్మిన్ చేతిల ఉండేది చేర్చుకునుడు, తీసేసుడు, గంతే అన్నట్టు చెప్పింది బొంబాయి కోర్టు. నేను తప్పు చేసింది సరిగ్గ ఆ గంత చిన్న అధికారంతోనే.

వడ్లు అమ్ముడు అయినంక మళ్ల అఫ్జల్‌గంజ్ పోయిన. బిల్లు 62కి తిరగ రాయమని అడుగుదామని. సేటు నవ్విండు. "బిల్లు జీఎస్టీల ఎక్కింది, ఇప్పుడు మారదు అన్నా. మంది కోసం సామాను తీస్కపోయేటోనికి ఒకటో రెండో ఇచ్చుడు మా దగ్గర రివాజు. అందరు తీస్కపోతరు. అడిగొచ్చినోణ్ని మిమ్మల్నే చూస్తున్న." చివరికి అదే బిల్లు ఎనక "60కి 2 ఉచితం" అని రాసి ముద్ర కొట్టి ఇచ్చిండు. ఆయన మీద నాకు కోపం లేదు. ఆయన ఇచ్చింది దాచి ఇవ్వలేదు, బజార్ల పది మంది చూస్తుండగనే ఇచ్చిండు. దాచింది నేను.

బస్సుకు ఇంకా టైముండె. ఎండ మండుతున్నది. ఉస్మానియా దవాఖాన ఆవరణల చింతచెట్టు కింద కొంచెంసేపు నిలబడ్డ. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద వచ్చినప్పుడు 150 మందికి పైగా ఆ చెట్టెక్కి పాణాలు దక్కించుకున్నరని చెప్తరు. మా నాయిన నన్ను చిన్నప్పుడు తీస్కపోయి చూపించిండు. అప్పుడు చెట్టు ఎంత పెద్దగున్నది అనుకున్న. ఇప్పుడు నాకు ఒకటే ఆలోచన, ఆ రాత్రి ఎవరు ఎవరిని లేపి ఉంటరు?

ఆడికెల్లి దగ్గరనే ఉన్న స్టేట్ సెంట్రల్ లైబ్రరీల కూసున్న. నిజాం కాలంల, 1891ల ఆసఫియా పేరుతోటి మొదలైన లైబ్రరీ. ఇప్పుడు అండ్ల సగం మంది సర్కారు కొలువులకు చదువుకునే పిల్లలే. వాళ్లను చూస్తే మా పాలోళ్ల పిల్లగాడే కండ్లల్ల మెదిలిండు. వాడూ గిట్లనే చదివిండు, కొలువు రాలేదు, భూమికి వచ్చిండు. లెక్క అడుగుడు వానికి చదువు నేర్పింది. నేను ఇంటర్‌తోని ఆపిన, నాకు అనుభవం గర్వం నేర్పింది. ఆడ కూసోనే కాయితం మీద లెక్క రాసిన. రెండు పరదాలకు 3,300. అరవైతోటి భాగిస్తే ఒక పరదాకు 55 రూపాయలు.

యాభై ఐదు రూపాయలు! ఒక్క పరదా తీసుకున్నోనికి 55, మూడు తీసుకున్న అక్కకు 165. దీని కోసం నేను గంత పని చేసిన.

ఊరికి వచ్చి ముందుగాల ఆ పిల్లగాని ఇంటికి పోయిన. వదినె చాయ్ పెట్టింది. వాడు మంచం మీద కూసొని నేల దిక్కు చూస్తున్నడు. "తప్పయింది బిడ్డా" అన్న. జర సేపు ఆగి వాడన్నడు, "కాకా, నేను రెండు పరదాలు అడగలేదు. లెక్క అడిగిన. మీరు చెప్తే అందరం మీకే ఉంచుకొమ్మందుము గదా." నాకు నోట మాట రాలేదు. నిజమే, వాళ్లు గట్లనే అందురు.

ఆ రాత్రి గ్రూపుల మొత్తం రాసిన, ఇప్పుడు మీకు రాసినట్టే. బిల్లు ఎనక రాసింది ఫోటో పెట్టిన. 38 మందికి వాళ్ల వాళ్ల పైసలు ఫోన్‌పే చేసిన. ఆరుగురు వాపస్ పంపిండ్రు, మళ్ల పంపిన. అక్కకు తరుగుల పోయిందాని సగం ఇస్తనని పోయిన. తీసుకోలేదు. "తమ్మీ, ఇంకోసారి వాన వస్తే చెప్తే చాలు" అన్నది. ఆ మాట ఇంకా గుచ్చుతనే ఉన్నది.

పిల్లగాడు గ్రూపులకు మళ్ల వచ్చిండు. కానీ ఒకప్పటి లెక్క లేదు. వాన కబురు పెడతడు, అదొక్కటే. ఎవరన్న రోగం ఫోటో పెడితే ముందు వాడే జవాబు రాసేటోడు, ఇప్పుడు చూసి ఊకుంటడు. అడగబుద్ధి అయితది, అడగను. వాని ఇష్టం.

ఇప్పుడు గ్రూపుకు నలుగురం అడ్మిన్లం, అండ్ల అక్క ఒకరు. "అడ్మిన్లు మాత్రమే" అనే దాన్ని ముట్టుకోవద్దని అనుకున్నం, ఎంత లొల్లి అయినా సరే, రాత్రి పూట అసలే వద్దు. అనుమతి లేని గింజలు, పిల్లల దొంగల పుకార్లు, అప్పులిస్తమనే యాపుల లింకులు, ఇవి ఎవరు చూస్తే వాళ్లు తీసేయాలె, మెసేజ్‌ను. మనిషిని తీసేయాలంటే మాత్రం ముందు వానికి ఫోన్ చెయ్యాలె, పొద్దటి దాంక ఆగాలె, నలుగుర్ల ఇంకొకరు ఒప్పుకోవాలె. అడ్మిన్ మీద లెక్క అడిగితే ఆ అడ్మిన్ ఆ మెసేజ్‌ను ముట్టనే వద్దు, మిగతా ముగ్గురు చూస్తరు. ఈ పద్ధతి పెట్టినంక మొన్న ఒకరి మీద కోపమొచ్చి నేను ఫోన్ చేసిన. మాట్లాడితే తెలిసింది, వాని మనుమడు ఫోన్ పట్టుకొని ఏదేదో నొక్కిండు. పాత నేనైతే తీసేసి కూసుంటుంటి.

అన్ని సక్కగైనయని చెప్పను. మాట్లాడే స్వేచ్ఛ ఇచ్చినంక గ్రూపుల లొల్లి పెరిగింది. యూరియా లైన్ల కాడ ఎవరు ముందు అనే దాని మీద ఇద్దరు అన్నదమ్ములు గ్రూపులనే తిట్టుకున్నరు. ఇద్దరికి ఫోన్ చేసి చేసి నా గొంతు పోయింది. రాత్రి పదికి చూస్తే రెండు వందల మెసేజ్‌లు. పనికొచ్చేది అండ్ల ఐదు. ఆ ఐదు ఏరుకునుడే కష్టం. ఆ కష్టం కోసమే నలుగురిని పెట్టుకున్నం.

వానకాలం కోతలు దగ్గరకొచ్చినయ్. 2025-26 సీజన్ల మద్దతు ధర ఏ గ్రేడుకు 2,389 ఉండె. మళ్ల పరదాలు కావాలని 43కి పేర్లు వచ్చినయ్. ఈసారి నేను పోతలేను. అక్క, పిల్లగాడు, పడమటి ఊరి రైతు, ముగ్గురు పోతున్నరు. పైసలు అక్క ఫోన్‌కు పంపండ్రి, నాకు పంపకుండ్రి. సేటు ఎన్ని ఉచితం ఇస్తే అన్నీ బిల్లు మీద రాయించుకుంటరు, అవి లెక్కల కలుపుతం. బస్సు కిరాయిలు, వాళ్ల ముగ్గురి తిండి ఖర్చు కూడ పరదా రేట్లనే కలిపి అందరం భరిస్తం, ఎందుకంటే పొద్దంత ఆకలితోటి తిరిగినోనికి ఏమనిపిస్తదో నాకు ఎరుకే.

ఇంకా పేరు ఇయ్యనోళ్లు శనివారం లోపల ఇయ్యండ్రి. స్ప్రింగు కాంటా నా దగ్గరనే ఉన్నది. ఆదివారం పొద్దుగాల బస్సుకు పోయే ముందు వచ్చి తీస్కపొమ్మని పిల్లగానికి మెసేజ్ పెట్టిన. "సరే కాకా" అని పెట్టిండు.